నారోబోటుకు ఎన్ని హార్స్‌పవర్ల ఇంజను? మొదట పడవ వెనక టేపు పెట్టి కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బర్మింగ్‌హామ్ దగ్గర 57 అడుగుల పాత నారోబోటు, అంటే ఇంగ్లండు ఇరుకు కాలువల కోసం కట్టే పొడుగాటి సన్నని పడవ, కొన్నారు. అందులోని 1.5 లీటర్ల డీజిల్ ఇంజను నూనె తాగేస్తోంది, మార్చక తప్పదు. పడవలు బాగుచేసే యార్డువారు 55 హార్స్‌పవర్ పెట్టమంటున్నారు. పక్క పడవలోని పెద్దాయన 30 చాలంటున్నారు. ఇంటర్నెట్‌లో లెక్క కట్టే పేజీ ఒకటి మీ పడవకు ఎనిమిది నాట్ల (గంటకు తొమ్మిది మైళ్ల పైచిలుకు) వేగం ఇస్తానని చెప్పి మిమ్మల్ని ఇంకా గందరగోళంలో పడేసింది. పడవకు ఉన్న ప్రొపెల్లర్, అంటే వెనక నీటిని తోసే రెక్కల చక్రం, 17 అంగుళాలది. ఎండాకాలంలో ఆక్స్‌ఫర్డ్ కాలువ మీదుగా థేమ్స్ నదిలోకి దిగాలని మీ కోరిక. మీరు అనుకున్న ఖర్చులో కరెంటు మోటారు పెట్టించుకోవచ్చా అన్నది ఇంకో ప్రశ్న.

ఈ ముగ్గురిలో ఒక్కరైనా ప్రొపెల్లర్ తిరిగే చోట ఎంత జాగా ఉందని అడిగారా? అడిగి ఉండరు. అందరూ ఇంజనుతో మొదలుపెట్టి వెనక్కి వెళతారు. నేను వెనక నుంచి ముందుకు రమ్మంటాను. నీటిని బట్టి ప్రొపెల్లర్, దాన్ని బట్టి గేర్‌బాక్స్, ఆ రెండింటినీ బట్టి ఇంజను.

నేను పుట్టింది గోదావరి డెల్టాలో. లాకు (పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించే, దించే తలుపుల గది) అనే మాటను ఇంగ్లండు వచ్చి నేర్చుకోలేదు. ధవళేశ్వరం కింది కాలువగట్ల మీద పెరిగినవాడికి అది తెలుగు మాటే. మా తాతగారు ధాన్యం పడవలను గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగడం చూశానని చెప్పేవారు. ఇక్కడ ఆ పని గుర్రాలు చేసేవి. పాతిక టన్నుల బొగ్గు ఉన్న నారోబోటును ఒకే ఒక్క గుర్రం నడక వేగంతో రోజంతా లాగేది. మీ పడవ మొత్తం బరువు పదిహేను, పదిహేడు టన్నులకు మించదు. మరి దానికి 55 గుర్రాలు ఎందుకు?

దీనికి జవాబు కాలువలో ఉంది. ఇక్కడి చాలా కాలువల్లో వేగ పరిమితి గంటకు 4 మైళ్లు. నిజానికి ఆ వేగం అందుకునే చోట్లు కూడా తక్కువే. లోతు మీటరు, మహా అయితే మీటరున్నర. పడవ ముందుకు కదలాలంటే దాని ముందున్న నీరు పక్కల నుంచి, అడుగు నుంచి వెనక్కి పోవాలి. ఇరుకు కాలువలో ఆ నీటికి దారి చాలదు. ఇంకాస్త థ్రాటిల్ ఇస్తే వెనక భాగం కిందికి దిగిపోతుంది, గట్ల వెంబడి అల విరుగుతుంది, చుక్కాని తిప్పే టిల్లరు కర్ర చేతిలో వణుకుతుంది, వేగం మాత్రం పెరగదు. మీరు పెట్టిన డీజిలంతా గట్టును కోయడానికి ఖర్చవుతుంది. గట్టున కట్టి ఉన్న పడవల్లోని వారు తలలు బయటపెట్టి మిమ్మల్ని చూసే చూపు ఉచితం.

ఇప్పుడొక చిన్న లెక్క. ప్రొపెల్లర్ మింగే శక్తి దాని తిరుగుడు వేగానికి ఘనంగా పెరుగుతుంది. అంటే వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతు అవుతుంది. 2800 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర 43 హార్స్‌పవర్ మింగేలా సరిపోల్చిన ప్రొపెల్లర్ 1400 దగ్గర ఐదున్నర కన్నా తక్కువే మింగుతుంది. 1200 దగ్గర మూడున్నర లోపే. మామూలుగా కాలువలో మనం తిరిగేది ఈ రెండింటి మధ్యే. మీ ప్రయాణాల్లో చాలా భాగానికి ఐదారు గుర్రాలు చాలు. పక్క పడవ పెద్దాయన మాటలో నిజం ఉంది.

అయినా ఆయన రెండు సంగతులు మరిచారు.

మొదటిది ఆల్టర్నేటర్, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే యంత్రం. ఈ రోజుల్లో పడవంటే ఇల్లు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, లాప్‌టాప్, పైగా మనవాళ్ల పడవైతే మిక్సీ తప్పదు. ఇంటి బ్యాటరీల కోసం 175 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టించుకున్నారనుకోండి. అది 14 వోల్టుల దగ్గర దాదాపు రెండున్నర కిలోవాట్లు ఇస్తుంది. అంత ఇవ్వడానికి, బెల్టులో, వేడిలో పోయేదంతా కలుపుకుని, ఇంజను నుంచి ఐదారు హార్స్‌పవర్లు లాగుతుంది. అంటే రాత్రంతా వాడిన బ్యాటరీలతో పొద్దున్నే బయలుదేరినప్పుడు పడవను నడపడానికయ్యే శక్తి కన్నా మీ మిక్సీకి, ఫ్రిజ్జుకు అయ్యే శక్తే ఎక్కువ. చిన్న ఇంజను మీద ఈ భారం బాగా తెలుస్తుంది.

రెండోది నది. థేమ్స్‌లో ఎండాకాలం ప్రశాంతంగానే ఉంటుంది. నాలుగు రోజులు వాన పడితే లాకుల దగ్గర పసుపు బోర్డులు, ఎర్ర బోర్డులు వేలాడతాయి. ఎర్ర బోర్డు అంటే ప్రవాహం బలంగా ఉంది, మనలాంటి పడవలు కదలవద్దని హెచ్చరిక, నా దృష్టిలో అందులో చర్చ లేదు. కానీ బోర్డు మారే లోపు మీరు రెండు లాకుల మధ్య ఎదురు ప్రవాహంలో ఉండవచ్చు. అప్పుడు ఇంజనులోని మిగులు శక్తే మిమ్మల్ని గట్టుకు చేరుస్తుంది. ఇక బ్రెంట్‌ఫర్డ్, లైమ్‌హౌస్ మధ్య ఆటుపోట్ల థేమ్స్ మీదికి వెళ్లాలనుకుంటే 30 దగ్గర ఆగమని నేను చెప్పను.

అలాగని 55 కూడా వద్దు. పెద్ద డీజిల్ ఇంజను ఎప్పుడూ పదో వంతు భారంతో తిరుగుతూ ఉంటే సరిగ్గా వేడెక్కదు. సిలిండరు గోడలు అద్దంలా నునుపెక్కుతాయి, రింగులు పట్టు కోల్పోతాయి, నూనె కాలి నీలి పొగ మొదలవుతుంది. మీ పాత ఇంజను నూనె తాగడానికి వయసుతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు. పైగా 55 హార్స్‌పవర్లను నీటిలోకి దింపేంత ప్రొపెల్లర్ మీ పడవ కింద పట్టదు. ఆ సంగతికే వస్తున్నాను.

పడవను డ్రై డాక్‌లోకి (నీరు తీసేసి పడవ అడుగు చూసే చోటు) ఎక్కించిన రోజు రెండు కొలతలు తీసుకోండి. ప్రొపెల్లరును తిప్పే షాఫ్టు కడ్డీ మధ్య బిందువు నుంచి దాని పైన ఉన్న పడవ రేకు అడుగు వరకు ఒకటి. షాఫ్టు మధ్య నుంచే కింద చుక్కానిని మోసే స్కెగ్ వరకు ఇంకొకటి. పై రేకుకూ రెక్క కొసకూ మధ్య ప్రొపెల్లర్ వ్యాసంలో 15 శాతం ఖాళీ ఉండాలన్నది పాత పద్ధతి. 18 అంగుళాల ప్రొపెల్లరుకు సగం 9, ఖాళీ 2.7, మొత్తం 11.7 అంగుళాలు. మీ పై కొలత 12 వస్తే 18 పడుతుంది, 19 పట్టదు. 19కి 12.35 కావాలి. కింద అంత ఖాళీ అక్కరలేదు, అంగుళమో రెండో చాలు. ఖాళీ తగ్గితే ఏమవుతుందంటే, రెక్క రేకును దాటిన ప్రతిసారీ ఒక దెబ్బ తగులుతుంది. టీ కప్పులు బల్ల మీద నడుస్తాయి. మీ ఆవిడ ఇంజను మీద వేసే నింద అసలు ప్రొపెల్లరుది.

వ్యాసం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, మన పడవలు నిదానంగా నడిచేవి. ఎక్కువ నీటిని నెమ్మదిగా తోసే ప్రొపెల్లర్ కొద్ది నీటిని వేగంగా తోసేదానికన్నా ఎప్పుడూ మేలు. ముందుకు పోవడంలో ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు, ఆగడంలో తెలుస్తుంది. నారోబోటుకు బ్రేకులు లేవు. పదిహేడు టన్నుల ఇనుము, వంతెన మలుపులో ఎదురుగా ఇంకొక పడవ, మీ చేతిలో రివర్సు తప్ప మరేమీ లేదు. అప్పుడు రెక్కల వైశాల్యం ఎంత ఉంటే అంత ధైర్యం. పాత సరుకు పడవల్లో నిమిషానికి వెయ్యి తిరగని ఇంజన్లు, రెండడుగుల ప్రొపెల్లర్లు ఉండేది ఇందుకే. అవి నీటిలో లోతుగా మునిగేవి కాబట్టి అంత ప్రొపెల్లర్ పట్టేది. ఈనాటి పడవలు తేలికగా తేలతాయి, జాగా తక్కువ.

ఇక పిచ్. మెత్తని చెక్కలో మరమేకు ఒక చుట్టు తిరిగితే ఎంత దిగుతుందో, ప్రొపెల్లర్ ఒక చుట్టుకు నీటిలో అంత సాగాలని పెట్టిన కొలత అది. 18×12 అంటే 18 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల పిచ్. నీరు చెక్క కాదు కాబట్టి జారుతుంది. 2:1 గేర్‌బాక్స్‌తో ఇంజను 1200 తిరిగితే షాఫ్టు 600 తిరుగుతుంది. ఒక్కొక్క చుట్టుకు ఒక అడుగు చొప్పున గంటకు 6.8 మైళ్లు పోవాలి. మీరు పోయేది మూడు. సగానికి పైగా జారుడే. ఇది చూసి ప్రొపెల్లర్ పాడైందని కంగారుపడేవారున్నారు. మొద్దు ముక్కు, బరువైన ఒళ్లు, లోతు లేని నీరు కలిస్తే అంతే. మీరు చూసిన లెక్కల పేజీలు సముద్రపు పడవల కోసం రాసినవి. వాటికి కాలువ అడుగు కనబడదు.

ఎక్కువ పిచ్ పెడితే ఏమవుతుందో నేను సొంత డబ్బుతో నేర్చుకున్నాను. నా మొదటి పడవకు ఇంజను మార్చినప్పుడు యార్డువారు వారి దగ్గరున్న 18×16 ప్రొపెల్లర్ బిగించారు. కాలువలో అద్భుతంగా ఉంది. 1000 ఆర్‌పీఎం దాటకుండానే నడక వేగం, ఇంజను గుసగుసలాడినట్టు శబ్దం. నేను పొంగిపోయాను. ఒక్కటే ఇబ్బంది. కట్టి ఉన్న పడవల పక్క నుంచి పోయేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా తగ్గించినా వేగం తగ్గదు. ప్రతి రెండు నిమిషాలకూ న్యూట్రల్‌లో వేసి తేలుతూ పోవాలి.

ఆ ఏడాది టార్డెబిగ్ మీది ముప్పై లాకులు దిగి, వూస్టర్ దగ్గర డిగ్లిస్‌లో సెవర్న్ నదిలోకి వెళ్లాను. పైకి, స్టోర్‌పోర్ట్ వైపు తిప్పాను. రెండు రోజుల ముందు వాన పడింది. థ్రాటిల్ చివరి వరకు తోశాను. 2800 తిరగాల్సిన ఇంజను 1950 దగ్గర ఆగిపోయింది. పొగగొట్టం నుంచి నల్లటి పొగ, ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా ఎక్కుతోంది. మనం ఇచ్చే ఇంధనం కాలడానికి చాలినంత గాలి ఆ వేగంలో దొరకదు. ఇంజను నా దగ్గర 43 ఉన్నాయని కాగితం మీద చెబుతుంది గానీ, అంత ఇవ్వాలంటే దానికి 2800 తిరగనివ్వాలి. 1950లో దాని గొంతు పట్టుకుని 43 ఇవ్వమంటే ఎక్కడిస్తుంది? గట్టు చెట్లను లెక్కపెట్టుకుంటూ బెవెరీ లాకు చేరాను. అప్పటి నుంచి నాకు చెట్లంటే గౌరవం.

ఆ ప్రొపెల్లరును తీయించి, రెక్కలు వంచి పిచ్ 12కు తగ్గించారు. అదే ఇంజను ఆ తర్వాత నదిలో 2700 తిరిగింది. మార్చింది నాలుగు అంగుళాల పిచ్ మాత్రమే. ఒక అంగుళం పిచ్ మారితే ఇంజను పై వేగం 150 నుంచి 200 ఆర్‌పీఎం మారుతుందని మెకానిక్కుల అంచనా. నా అనుభవం అదే చెప్పింది. వ్యాసం ఇంకా కఠినమైనది. శక్తి వ్యాసానికి అయిదో ఘాతంగా పెరుగుతుంది. 17 నుంచి 18కి పోతే అదే వేగంలో మూడో వంతు ఎక్కువ శక్తి కావాలి. అంగుళమే కదా అనుకోవద్దు.

కాలువలో మాత్రమే తిరిగేవారిలో కొందరు కావాలనే కాస్త బరువైన ప్రొపెల్లర్ పెట్టుకుంటారు, నిశ్శబ్దం కోసం. గరిష్ఠ వేగంలో 200, 300 తగ్గినా వారికి నష్టం లేదు. నదికి పోయే మీకు మాత్రం నేను ఆ సలహా ఇవ్వను.

గేర్‌బాక్స్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 2800 దగ్గర పూర్తి శక్తి ఇచ్చే ఇంజనుకు 18 అంగుళాల జాగాలో 2:1 సరిపోతుంది. 3:1 పెడితే షాఫ్టు మరీ నెమ్మదిస్తుంది, దానికి 21, 22 అంగుళాల ప్రొపెల్లర్ కావాలి. మీకు ఆ జాగా లేదు. జాగా లేక పిచ్ పెంచుకుంటూ పోతే పిచ్, వ్యాసం సమానమైపోతాయి. నెమ్మదైన బరువు పడవలకు పిచ్ వ్యాసంలో ఆరేడు పదో వంతులు ఉంటే బాగుంటుంది. 18కి 12 అందులోకే వస్తుంది.

కాబట్టి మీ పడవకు నా మాట ఇది. 38 నుంచి 43 హార్స్‌పవర్ల మధ్య, 2800 దరిదాపుల్లో గరిష్ఠ శక్తినిచ్చే నాలుగు సిలిండర్ల డీజిల్. ఉదాహరణకు కుబోటా కంపెనీ ఇంజను బ్లాకు మీద కట్టిన బీటా 43 ఆ కోవలోది, 2.2 లీటర్లు. అదొక్కటే అని కాదు, ఇజుజు, యాన్మార్ బ్లాకుల మీద కట్టినవీ ఉన్నాయి. మీకు దగ్గరలో విడిభాగాలు ఎవరి దగ్గర దొరికితే అది తీసుకోండి. 2:1 గేర్‌బాక్స్. 43 అయితే 18×12 మూడు రెక్కలది. 38 అయితే ఉన్న 17 అంగుళాలదే ఉంచి చూడండి, దాని పిచ్ 12 దగ్గర ఉంటే కొత్తది కొనే పనే ఉండకపోవచ్చు. నాలుగు రెక్కలవి కాస్త మెత్తగా తిరుగుతాయి, ధర ఎక్కువ. పై రేకు దగ్గర ఖాళీ తక్కువైతే తప్ప నేను వాటి జోలికి పోను.

కరెంటు మోటారు సంగతి కూడా అడిగారు. కాలువలో మూడు మైళ్ల వేగానికి బ్యాటరీ నుంచి మూడు, నాలుగు కిలోవాట్లు పోతాయి. ఆరు గంటలు నడిస్తే పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు కిలోవాట్ అవర్లు. రోజూ అంత నింపుకునే ఏర్పాటు ఉంటే హాయిగా ఉంటుంది. మీరు చెప్పిన ఖర్చులో అది సాధ్యం కాదు.

ఇంజను మార్పులో యార్డువారు చెప్పకుండా వదిలేసే వాటిలో పెద్దది చల్లార్చే ట్యాంకు. మన పడవల్లో ఇంజను వేడి నీరు పడవ పక్క రేకుకు అతికించిన ట్యాంకులో తిరిగి, ఆ రేకు ద్వారా కాలువ నీటికి వేడి వదులుతుంది. హార్స్‌పవర్‌ను నాలుగుతో భాగిస్తే కావలసిన వైశాల్యం చదరపు అడుగుల్లో వస్తుంది. 43కు దాదాపు పదకొండు. మీ పాత చిన్న ఇంజనుకు పెట్టిన ట్యాంకు ఆరేడు ఉండవచ్చు. కాలువలో ఏమీ తెలియదు. నదిలో పది నిమిషాలు పూర్తి థ్రాటిల్ ఇవ్వగానే కెటిల్ మరిగినట్టు మరుగుతుంది. ఇంజను బయట ఉన్నప్పుడే కొలిచి, చాలకపోతే ఎదుటి పక్కన ఇంకొకటి వెల్డింగ్ చేయించండి. తర్వాత చేయించాలంటే ఇంజను మళ్లీ లేపాలి.

అంతా బిగించాక పరీక్ష. కాలువలో చేసి మోసపోవద్దు. లోతు లేనిచోట పడవ సాగదు, ప్రొపెల్లర్ మీద భారం ఎక్కువ పడి ఇంజను వేగం తక్కువ చూపిస్తుంది. వెడల్పైన, లోతైన నదిలో, పడవల రాకపోకలు లేని చోట, ఇంజను బాగా వేడెక్కాక, ఒకటి రెండు నిమిషాలు పూర్తిగా తెరవండి. గరిష్ఠం కన్నా 100 తక్కువ వరకు వస్తే బాగున్నట్టే. 2300 దగ్గర ఆగి నల్ల పొగ వస్తే పిచ్ ఎక్కువ. ఏ శ్రమా లేకుండా గవర్నర్ (ఇంజను వేగానికి హద్దు పెట్టే భాగం) దగ్గరికి పోయి నిలబడితే పిచ్ తక్కువ. ఆర్‌పీఎం మీటరు చూపేది నమ్మే ముందు, ఇంజను ముందువైపు పుల్లీకి చిన్న మెరిసే టేపు ముక్క అంటించి, చుట్లు లెక్కపెట్టే చేతి టాకోమీటరుతో ఒకసారి సరిచూడండి. ఆల్టర్నేటర్ నుంచి సంకేతం తీసుకునే మీటర్లు రెండు మూడు వందలు అబద్ధం చెప్పడం నేను చాలాసార్లు చూశాను.

పరీక్షకు ముందు వీడ్ హ్యాచ్ (ప్రొపెల్లరును అందుకోవడానికి పడవలో ఉండే మూత) తెరిచి రెక్కలకు ఏమైనా చుట్టుకుందేమో చూడాలి. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఒకసారి సౌతాల్ దగ్గర గ్రాండ్ యూనియన్ కాలువలో నా పడవ హఠాత్తుగా నీరసించి పొగ వదిలింది. నేను పిచ్ అనీ ఇంజెక్టర్ అనీ ఏవేవో అనుకుంటూ హ్యాచ్ తెరిస్తే షాఫ్టుకు చుట్టుకుని జరీ అంచు పట్టుచీర. కత్తితో కోసి తీయడానికి గంటన్నర పట్టింది. ఎవరు ఎందుకు వదిలారో గాని కోస్తుంటే ప్రాణం చివుక్కుమంది. తిరిగి మూసేటప్పుడు హ్యాచ్ మూత గట్టిగా బిగించండి. అది వదులైతే ప్రొపెల్లర్ చిమ్మే నీరు ఇంజను గదిలోకే వస్తుంది, పడవలు అలా మునిగాయి.

చివరగా, ప్రొపెల్లర్ ఆర్డరు చేసే ముందు అది ఏ వైపు తిరగాలో తేల్చుకోండి. పడవ వెనక నిలబడి చూస్తే, ముందుకు పోయేటప్పుడు గడియారపు ముల్లులా తిరిగేది కుడిచేతిది. కొత్త ఇంజను, గేర్‌బాక్స్ జోడీ షాఫ్టును పాతదానికి ఎదురుగా తిప్పితే, మీ 17 అంగుళాల ప్రొపెల్లర్ ఎంత మంచిదైనా పనికి రాదు. ముందుకు గేరు వేస్తే పడవ వెనక్కి పోతుంది. ప్రొపెల్లర్ బొడ్డు మీద వ్యాసం, పిచ్, చేతి గుర్తు చెక్కి ఉంటాయి. తీగబ్రష్‌తో నాచు గీకి, ఆ అంకెలూ పైన చెప్పిన రెండు కొలతలూ పంపండి. మిగతాది అప్పుడు లెక్క వేసి చెబుతాను.